మిగిలిన గుళికలు

రౌమాలో ఆ ఏళ్ళంతా నా ఉద్యోగం
గుళికలు లెక్కపెట్టడం.

నాలుగు నెలలకోసారి వచ్చేవాళ్ళు మగాళ్ళు,
కాగితం మిల్లు నుంచి, ఓడలు కట్టే రేవు నుంచి.
కోటు మీద మంచు, కోటు లోపల పొగ.
ఖాళీ అట్టలు నా బల్ల మీద పరిచేవాళ్ళు
బళ్ళో పిల్లలు పలకలు చూపించినట్టు.
రోజుకో గుంట.
గుంట ఖాళీగా ఉంటే బుద్ధిమంతుడు.

సిగరెట్టు మానండి అని చెప్పడమూ నా పనే.
ఆ మాట వాళ్ళ చెవి దాకా వెళ్ళి
చలికి గడ్డకట్టేది.
గుళిక మాత్రం మింగేవాళ్ళు.
క్యారెట్టులో ఉండే రంగే కదా,
క్యారెట్టు ఎవర్నేం చేసింది?

తౌనో లెహ్తియో ఒక్కటీ తప్పలేదు, ఆరేళ్ళు.
భార్య ఐలి లేసు అల్లే దిండు పక్కనే
అట్ట పెట్టుకునేదట,
పొద్దున కాఫీ కంటే ముందు అదే.
మూడో ఏడు అతని అరచేతులు చూశాను.
పండుటాకు రంగు.

ఎవరికి మందో ఎవరికి ఉత్త నూనో
మాకెవరికీ తెలియకూడదు, అది నియమం.
చేతులకి నియమాలు తెలియవు.
నేనేమీ అనలేదు.
కార్డు మీద నూటికి నూరు అని రాసి
భుజం తట్టాను.

వెల్డరు కలెర్వో వేరే రకం.
అట్ట ఖాళీయే, కళ్ళు మాత్రం
బడి ఎగ్గొట్టిన కుర్రాడివి.
రేవులో సముద్రపు కాకులకి వేసేవాడినని
చాలా ఏళ్ళ తర్వాత ఒప్పుకున్నాడు.
ఇంకా ఉన్నాడు, ఇంకా దగ్గుతున్నాడు.
అతని అట్టలో ఉన్నది ఉత్త నూనేనేమో,
ఆ సంగతి కాకులకే తెలియాలి.

మంచు కరిగే నెలలో ఫలితం వచ్చింది.
రంగు గుళిక మింగినవాళ్ళలో
రోగం తగ్గలేదు.
పెరిగింది.

హెల్సింకి నుంచి ఒక కుర్ర డాక్టరమ్మ వచ్చి
మా నర్సులందరినీ కూర్చోబెట్టి
బోర్డు మీద ఒక కణం గీసింది, వంకరగా.
కణంలో చిన్న నిప్పుంటుందట.
మేం దాన్ని తుప్పు అనుకున్నాం,
ఆర్పేస్తే మంచిదనుకున్నాం.
ఆ నిప్పుతోనే అది కబురు పంపుతుందట.
తను చెడిపోయానని తెలిసిన రోజు
ఆ నిప్పుతోనే తన కొంప తనే అంటించుకుంటుందట
పక్కింటికి చెడు పాకకుండా.
బిందెలకి బిందెలు నీళ్ళు గుమ్మరిస్తే
పోవలసింది పోదేమో, అంది.
పొగ నిండిన ఊపిరితిత్తిలో
కాపలాకని పంపినదే మసై, విరిగి,
ఆ పెంకులతో లోపలి దారాల్ని కోస్తుందేమో, అంది.
"ఏమో" అన్నమాట నాలుగుసార్లు వాడింది.
నేను లెక్కపెట్టాను, అలవాటు.
కంచె చేను మేయడమంటే ఇదేనా
అని అడగబోయి ఊరుకున్నాను.
చేతిలో సుద్దముక్క పట్టుకుని
ఆ పిల్లే వణుకుతోంది.

తౌనోని తిన్నది పొగా, నేనిచ్చిన గుళికా?
లెక్కలు గుంపు సంగతి చెబుతాయి.
పేరు పెట్టి ఒక్క మనిషిని అడిగితే
తల దించుకుంటాయి.

అంతకు ముందు చలికాలమే ఐలి వచ్చింది,
నల్ల కోటులో, ఒక్కతే.
మధ్యాహ్నం మూడింటికే చీకటి.
సంచిలోంచి చివరి అట్ట తీసింది,
లేసు రుమాల్లో చుట్టి తెచ్చింది,
పుణ్యక్షేత్రం నుంచి తెచ్చినంత జాగ్రత్తగా.
పదకొండు గుంటల్లో పదకొండు గుళికలు,
నారింజ రంగు, దీపానికి మెరుస్తూ.

"ఆఖర్న గొంతు దిగలేదమ్మా,
నీళ్ళు కూడా దిగలేదు.
ఇన్నేళ్ళలో ఒక్కటి తప్పని మనిషి.
మీ లెక్క పాడుచేశాడు,
ఏమనుకోకండి."

పర్వాలేదన్నాను.
కార్డు మీద పదకొండు అని రాసుకుని
అతన్ని క్షమించాను కూడా.